చేపకూ ఒక చాటు కావాలి



కుటుంబ పత్రికలో పాస్టరు చేపల తొట్టి గురించి వ్రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా ఫరవాలేదు గాని, ముందు ఆదికాండము మొదటి అధ్యాయము ఒకసారి తెరచి చూడండి. దేవుడు ఆశీర్వదించినట్లు మొట్టమొదట ఎవరిని గురించి వ్రాయబడింది? ఆదామును గురించి కాదు. అయిదవ దినమున నీళ్లలో కదలాడే జీవులను గురించి, ఎగిరే పక్షులను గురించి. నరుడు మరుసటి దినమున గాని రాలేదు. ఆశీర్వాదము విషయములో చేప మనకంటే ఒక రోజు పెద్దదన్నమాట. ఇంటికి పెద్దవాళ్లు వస్తే కూర్చోవడానికి చోటు చూపిస్తాము. చేపను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నవారు దానికి దాక్కోవడానికి చోటు చూపించాలి. ఈ నెల నేను వ్రాయదలచుకున్నది ఆ చోటు గురించే.

మా మందిరము ప్రక్కనున్న ఇంటి వసారాలో ఒక గాజుతొట్టి ఉంది. సంఘపెద్ద ఒకాయన కుమారుడు ఉద్యోగరీత్యా ఊరు మారుతూ, మోసుకుపోలేక మాకిచ్చి వెళ్లాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా పోస్తే 56 లీటర్లు పడుతుంది. మేము రెండు మూడంగుళాలు తక్కువగా పోస్తాము గనుక 45 లీటర్లు అనుకోండి. అందులో ఆరు నల్ల మోలీలు, కొన్ని గప్పీలు. అడుగున రంగురాళ్లు తప్ప మరేమీ లేదు. నాలుగు ప్రక్కలా గాజు, పైన లైటు. ఏ మూలనుండి చూసినా ఏ చేపయైనా కనబడుతుంది. చూసేవారికి బాగానే ఉంటుంది.

కాని ఆ చేపలు తిరిగేవి కావు. వెనుక మూలలో ఒకదానినొకటి ఒరుసుకుంటూ గుంపుగా నిలబడేవి. మేత వేస్తే ఒకటో రెండో దడదడా వచ్చి నోట కరచుకొని మళ్లీ మూలకు పారిపోయేవి. నలుపు కూడా వెలిసిపోయినట్లు ఉండేది. మోలీలలో ఒక మగది మాత్రం మిగిలినవాటిని రోజంతా తరుముతూ ఉండేది. జబ్బు చేసిందని ఒకరు, నీళ్లు పడలేదని ఒకరు అన్నారు. నరసరావుపేటలో రంగుచేపలు అమ్మే ఒకతను విని, "జబ్బు కాదండీ, వాటికి చాటు లేదు, అంతే" అన్నాడు. మా ఇంటావిడ ఇంటికి రాగానే పెరట్లో వాడకుండా పడియున్న కొత్త ముంతను రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, తొట్టిలో ప్రక్కకు పడుకోబెట్టింది. మొదటి రోజు చేపలన్నీ దానిలోనే దూరాయి. "ఇక చూడటానికి ఏమీ ఉండదు పొమ్మను" అన్నారు పిల్లలు. పది రోజులు గడిచేసరికి అవే చేపలు తొట్టి ముందు భాగములో, గాజుకు మూతులు ఆనించి, తీరికగా తిరుగుతున్నాయి. ముంత దాదాపు ఖాళీగానే ఉంటోంది.

దీని కారణము తెలుసుకుంటే వింతేమీ కాదు. మనకు తెలిసిన చేపలకు దాదాపు వేటికీ కనురెప్పలు లేవు. మనవలె కళ్లు మూసుకొని లోకాన్ని కాసేపు మరచిపోవడానికి వాటికి వీలు లేదు. చీకటి కావాలంటే చీకటి ఉన్న చోటికి పోవలసిందే. చెరువులో అయితే వేళ్లసందులు, రాళ్లసందులు, నాచు ఉంటాయి. గాజుతొట్టిలో మనము పెడితేనే ఉంటాయి. ఆపద వస్తే దూరడానికి దగ్గరలో ఒక చోటుందని తెలిసిన చేప ఆ చోటు విడిచి బయటికి వస్తుంది. అలాంటి చోటు లేని చేప మూలను పట్టుకొని కదలదు. తరిమే మగచేప ఉన్న తొట్టిలో ఇది మరీ అవసరము. తరుముడు పడిన చేప ఒక్క క్షణము కనుమరుగైతే చాలు, తరిమేది మరచిపోయి వెనక్కి తిరుగుతుంది. కనుమరుగు కావడానికి చోటే లేకపోతే పాపము అది అలసిపోయి చచ్చేదాకా తరుముతుంది.

బజారులో ప్లాస్టిక్ కోటలు, బొమ్మ గుహలు అమ్ముతారు. కొన్ని మంచివే. కొన్నిటి రంగు నెలలోపే నీళ్లలోకి ఊడుతుంది. మన ఇండ్లలో, పొలాలలో ఉన్నవాటితోనే దానికంటె మంచి చాటు తయారవుతుంది. కాకపోతే ఏది పనికివస్తుంది, ఏది ప్రాణము తీస్తుంది అన్నది తెలియాలి. మన పల్నాటిలో మొదటి ప్రశ్న రాయి గురించే.

మనకు రాళ్లకు కొదవేముంది! శ్రీనాథుడివని చెప్పుకునే చాటువులలో మన పల్నాటి రాళ్లమీదా నాగులేటి నీళ్లమీదా వేళాకోళము ఉన్నదని చదువుకున్నవారందరికీ తెలుసు. మన ఇండ్లకు పరచిన నాపరాయి, పిడుగురాళ్ల బట్టీలలో కాల్చే రాయి, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే రాయి, అన్నీ సున్నపురాయి జాతివే. ఇది తొట్టిలో వేస్తే వెంటనే ఏమీ కాదు. కొద్దికొద్దిగా కరుగుతూ నీటికి సున్నపు కాఠిన్యమును చేరుస్తుంది. మోలీలకు, గప్పీలకు కాస్త కఠినమైన నీళ్లే ఇష్టము గనుక అవి ఓర్చుకుంటాయి. ఏంజెల్ చేపలు, టెట్రాలు మెత్తని నీటి చేపలు. వాటికి పడదు. అసలే మన బోరు నీళ్లు బియ్యము కడిగినా తెల్లటి చారలు కట్టే నీళ్లాయె. దానికి సున్నపురాయి తోడైతే చెప్పేదేముంది. సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చే ఊళ్లవారు ఈ విషయములో కొంత అదృష్టవంతులు.

రాయి ఏ జాతిదో తెలుసుకోవడానికి ఏ పరీక్షశాలకూ పోనక్కరలేదు. రాయిని మేకుతో గీరి, లోపలి కొత్త పొర బయటపడ్డాక, అక్కడ రెండు చుక్కలు వెనిగర్ గాని బాగా పుల్లని నిమ్మరసము గాని వేయండి. బుసబుస నురుగు వస్తే సున్నపురాయి. పులుపు తగిలి రాతిలోని బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోతుంది. నురుగు రాకపోతే వాడుకోవచ్చు. ఒకసారి మా యౌవనస్థులు ఎత్తిపోతలకు వెళ్లి చంద్రవంక వాగులోని గులకరాళ్లు సంచీడు తెచ్చారు. చూడటానికి అన్నీ ఒక్కలాగే నున్నగా ఉన్నాయి. వసారాలో వరుసగా పెట్టి చుక్కలు వేస్తే సగానికి సగము నురుగు కక్కాయి. పిల్లలకు అదొక ఆటయింది. అందులో నల్లటి గట్టిరాళ్లు మాత్రం ఏరి తొట్టిలో వేశాము.

రాయి వేరు, కాల్చిన సున్నము వేరు. ఈ తేడా మన ప్రాంతములో తప్పక చెప్పాలి. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల వేడికి కాలిస్తే గాలి పోయి సున్నము మిగులుతుంది. అది నీళ్లలో పడితే నీళ్లు కాగుతాయి, చేప మొప్పలు మాడిపోతాయి. చేపల చెరువులవారు సున్నము చల్లుతారు కదా అని ఒకరు నన్ను అడిగారు. వారు ఎకరాల చెరువుకు లెక్క కట్టి చల్లుతారు. మన తొట్టి 45 లీటర్లు. బట్టీ దగ్గర దొరికిన తెల్లని గడ్డ గుహలాగా అందముగా ఉందని తెచ్చి వేయకండి. కొత్త సిమెంటుతో చేసిన గుహలూ అంతే. వాటినుండి సున్నము వారాల తరబడి ఊరుతూనే ఉంటుంది. ఓపికగలవారు నెలల తరబడి నీళ్లు మారుస్తూ నానబెడతారు గాని, ముంత ఉండగా అంత శ్రమ ఎందుకని నా అభిప్రాయము.

పలక గురించి చెప్పాలి. మార్కాపురము పలకలతో అక్షరాలు దిద్దినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ రాతిపలక చెక్కచట్రము తీసివేస్తే చేపలకు చక్కని కప్పు. రెండు గట్టిరాళ్లమీద పెడితే చిన్న మండపములా ఉంటుంది. దీనిని కూడా వెనిగర్‌తో చూసుకోవాలి. ఇత్తడి పొడిలాగా తళతళలాడే చారలుంటే ఆ పలక వద్దు. అది లోహపు చార. రంగు పూసిన రేకుపలక అసలే వద్దు.

అన్నిటికంటె మంచిది, చవుకైనది, మన చేతిలో ఉన్నది కుమ్మరి మట్టి. రంగు వేయని, నూనె తగలని కొత్త ముంత, పిడత, లేక పాత ఇంటి పెంకు. ఊరగాయ పెట్టిన కుండ, ఉప్పు పోసిన కుండ పనికిరావు. మట్టి దేనినైనా పీల్చుకుంటుంది, తరువాత నెమ్మదిగా వదులుతుంది. నిగనిగలాడే పాత జాడీల పూతలో సీసము ఉండవచ్చు గనుక వాటి జోలికి పోవద్దు. కొత్త ముంతను రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. ఆ తరువాత అడుగున రెండవ ద్వారము చేయాలి. సుత్తితో కొడితే పగిలిపోతుంది. నానిన ముంతను ఒడిలో పెట్టుకొని మేకు మొనతో గీరుతూ గీరుతూ రంధ్రము చేసి, ఆకురాయితో పెద్దది చేయాలి. అంచులు నున్నగా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి మా ఇంటావిడ ఒక ఉపాయము కనిపెట్టింది. పాత నైలాన్ చీర ముక్క ఆ అంచుమీద లాగితే ఎక్కడా దారము పట్టుకోకూడదు. దారము పట్టుకుంటే చేప రెక్క కూడా చీలుతుంది.

రెండవ ద్వారము ఎందుకు అంటారేమో. ఒకే ద్వారమున్న గుహలోకి బలమైన చేప వచ్చి నిలబడితే లోపలిది చిక్కిపోయినట్లే. అది చాటు కాదు, బోను. పైగా నీళ్లు అటునుండి ఇటు పారకపోతే లోపల మురుగు పేరుకుంటుంది, లోపలి చేపకు ఊపిరాడదు.

ఇక్కడ నాకు కోరీ టెన్ బూమ్ అమ్మగారు జ్ఞాపకము వస్తారు. మన కూటములలో ఆమె సాక్ష్యము వినని వారు అరుదు. హాలండు దేశములో హార్లెమ్ పట్టణమున ఆమె తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. జర్మనీ సైన్యము యూదులను పట్టుకుపోతున్న ఆ రోజులలో వారి ఇంటి పైఅంతస్తులో, ఆమె పడకగదిలోనే, ఇటుకలతో ఒక దొంగగోడ కట్టి దాని వెనుక ఇరుకైన చోటు చేశారు. చెక్కతో కడితే తట్టినప్పుడు డొల్ల శబ్దము వస్తుందని ఇటుక వాడారు. బట్టల అలమర అడుగున పాకుతూ దూరే సందు పెట్టారు. లోపలివారికి గాలి ఆడే ఏర్పాటు కూడా చేశారు. 1944 ఫిబ్రవరి 28న ఇంటిమీద దాడి జరిగినప్పుడు ఆరుగురు అందులో దూరారు. సైనికులు ఇల్లంతా వెదికినా దొరకలేదు. దాదాపు రెండు దినములు లోపలే ఉండి, ప్రాణాలతో బయటపడ్డారు. దాచిన కుటుంబము మాత్రం చెరసాల పాలయింది. ముసలి తండ్రి పది దినములకే చనిపోయాడు. అక్క బెట్సీ అదే సంవత్సరము డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరములో కన్నుమూసింది. కోరీ అమ్మగారు బ్రతికి వచ్చి, ఆ సంగతులు 1971లో పుస్తకముగా అచ్చువేయించారు. ఆ గది కట్టినవాడు ఎంత జాగ్రత్తగా ఆలోచించాడో నేను చాలాసార్లు తలంచుకుంటాను. చాటు ఏర్పాటు చేయడమంటే ఏదో ఒక మూల చూపించడము కాదు. లోపల ఉన్నవాడి ఊపిరి గురించి, వాడు బయటికి వచ్చే దారి గురించి కూడా ఆలోచించాలి.

మన చేపల సంగతికి వద్దాము. నిరుడు మా గప్పీలు విపరీతముగా పిల్లలు పెట్టాయి. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. కన్న పిల్లలను తానే తింటుంది కూడా, నాచు లేకపోతే. మాకు నాచు దండిగా ఉంది గనుక పిల్లలు మిగిలిపోయాయి. సండే స్కూలు పిల్లలకు తలా రెండేసి ఇద్దామనుకున్నాము. ఒక షరతు పెట్టాను: ఎవరి చేపకు వారే సొంతగా ఒక చాటు చేసి తేవాలి, నేను చూసి సరేనన్నాకనే చేప.

ఆదివారము ఆరాధన అయ్యాక వసారా అంతా సంతగా మారింది. ఒకడు బోరు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్క తెచ్చాడు. అంచులు ఆకురాయి పట్టించి, బాగా కడిగితే పైపు మంచిదే. ఒక పాప కొబ్బరిచిప్ప తెచ్చింది. లోపల కొబ్బరి ఇంకా అంటుకొని ఉంది. అది కుళ్లితే నీళ్లమీద నూనె తెట్టు కట్టి చేపలు చస్తాయి. పీచు, కొబ్బరి పూర్తిగా గీకి, అరగంట చొప్పున నీళ్లు మారుస్తూ మూడు నాలుగు సార్లు ఉడకబెట్టమని వాళ్ల అమ్మతో చెప్పాను. ఆ తరువాత కూడా నీళ్లు కాస్త టీ రంగుకు మారితే భయపడనక్కరలేదు. ఎండిన నాటుబాదం ఆకు కూడా అలాగే రంగు వదులుతుంది, ఫైటర్ చేపలు పెంచేవారు దానిని కావాలని వేస్తారు. ఇంకొకడు జిల్లేడు కొమ్మ తెచ్చాడు. పాలుకారే చెట్టు ఏదీ వద్దు. జిల్లేడు, కాడజెముడు, గన్నేరు మూడూ విషమే.

ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు ఏమీ తేలేదు. తలుపు వెనుక నిలబడి చూసి వెళ్లిపోయాడు. వాడి పేరు వ్రాయను. తల్లి ప్రభువునందు నిద్రించింది. తండ్రి హైదరాబాదులో తాపీపనికి పోయాడు. వాడు కాలువ అవతలి పల్లెలో నాయనమ్మ దగ్గర, బాబాయి దగ్గర ఉంటున్నాడు. "మడిసిని చూస్తే బెదురుతాడయ్యగారూ. ఎవరొచ్చినా పత్తి బోరేల యెనక దూరతాడు. వాళ్ల బాబాయి ఈడ్చుకొచ్చి నాలుగు తగిలిస్తే ఆ పూటకి బయటుంటాడు, మళ్లా మామూలే. వాడికోసం ప్రార్థన చేయండి" అని ఆ నాయనమ్మ అంతకుముందే నాతో చెప్పింది. ప్రార్థన చేశాను. చేసి, బాబాయితోనూ మాట్లాడాను. అతను చెడ్డవాడు కాదు, తెల్లవారకముందే చేలో ఉండే మనిషి. "చాటు మరిగితే దొంగబుద్ధులు వస్తాయండీ. ఆదాము దాక్కున్నది తప్పు చేశాడు గనుకనే కదా" అన్నాడు. మనము ప్రసంగాలలో ఆదాము దాగిన సంగతి ఎంతగా చెప్పామో, జనానికి దాక్కోవడమంటే పాపమే గుర్తుకు వస్తోంది. మోషేను మూడు నెలలు దాచిన తల్లి గురించి, జమ్ముపెట్టెకు కీలు పూసి నీళ్లలో పెట్టిన సంగతి గురించి అతనితో చెప్పాను. అహాబు రోజులలో ఓబద్యా నూరుమంది ప్రవక్తలను ఏబదేసి మందిగా గుహలలో దాచి, అన్నపానములిచ్చి పోషించాడు. వారిలో ఒక్కరినైనా బయటికి ఈడ్చలేదు. అతను విన్నాడు. ఒప్పుకున్నాడని చెప్పలేను.

తరువాతి వారము ఆ పిల్లవాడు వచ్చాడు. చేతిలో తళతళలాడే అరముక్క డబ్బా. కత్తెరతో కోసి, అంచులు లోపలికి మడిచి, సబ్బుతో తోమి తెచ్చాడట. ఆ రోజు నేను వేరే ఊరు బల్ల ఆరాధనకు వెళ్లియున్నాను. ఇంట్లో ఉన్న పెద్దపిల్లలు వాడి పనితనము మెచ్చుకొని, సీసాలో రెండు చేపలు పోసి ఇచ్చి పంపారు. మరునాడు కోడి కూయకముందే ఆ రెండూ వెల్లకిలా తేలాయి. వాడు ఆ సీసాను మా గుమ్మములో పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పరుగెత్తిపోయాడు.

సీసాలోని డబ్బాముక్కను వాసన చూస్తే నాకు అర్థమయింది. అది పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా. సైపర్‌మెత్రిన్ వంటి మందులు మనిషికంటె చేపకు ఎన్నోరెట్లు విషము. సబ్బుతో కడిగినంతమాత్రాన మడతలలోనిది పోదు. ఇంట్లో దోమలమందు పిచికారి చేసినా అంతే, తొట్టిని గుడ్డతో మూసి, గాలి పంపును ఆపితే గాని కొట్టకూడదు.

సాయంకాలము ఆ పల్లెకు పోయాను. నాయనమ్మ వాకిట్లో మంచము వాల్చింది. పిల్లవాడు లేడు. బోరేల వెనుక ఉన్నాడని ఆమె కనుసైగ చేసింది. పిలవబోతే వద్దన్నాను. వాడికి వినబడేటట్లు, ఆమెతోనే మాట్లాడాను. "అమ్మా, పిల్లవాడి చేతిపనిలో తప్పేమీ లేదు. అంచులు మా పెద్దపిల్లలకంటె నున్నగా మడిచాడు. చేపలను చంపింది మందు. ఆ డబ్బా ఎక్కడిది?" అని అడిగాను. "చేలో మంచినీళ్లకి ఉంచుకున్నదయ్యగారూ, పాతబడితే వాడికిచ్చా. ఇప్పుడు కొత్తది వాడతన్నాం" అన్నది. ఆ కొత్తది చూరుకు వ్రేలాడుతూ ఉంది. అదే కంపెనీ డబ్బా, అదే రంగు. బాబాయి ఆ నీళ్లే ఎండల్లో రోజూ తాగుతున్నాడు. ఒక్క రాత్రిలో చేపలు చచ్చాయి గనుక తెలిసింది, లేకపోతే ఎప్పటికి తెలిసేదో అని నేను అంటూ ఉండగా బోరేల వెనుకనుండి మాట వినబడింది.

"ఇంకోటి కూడా ఉందండి. పొయ్యి కాడ. ఉప్పు పోసింది."

నాయనమ్మ లేచి వెళ్లి చూస్తే నిజమే. ఆమె నోట మాట రాలేదు. ఆ పూట పిల్లవాడు బయటికి రాలేదు, నేనూ రమ్మనలేదు. బాబాయి పొలమునుండి వచ్చాక మూడు డబ్బాలనూ గునపముతో పొడిచి, అణగగొట్టి, బావికీ కాలువకూ దూరముగా గోయి తీసి పూడ్చాడు. మందు వాడిన ప్రతిసారీ ఖాళీ డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లను స్ప్రేయరులోనే పోసివేసి, డబ్బాకు బెజ్జాలు పొడవాలి. ఇది ప్రతి రైతు ఇంటికీ చెప్పవలసిన మాట. చదువురాని వారికి కూడా తెలిసేటట్లు డబ్బామీద, చదరమును మూలమీద నిలబెట్టినట్లు, ఒక గుర్తు ఉంటుంది. దాని క్రింది సగము ఎరుపైతే అతి తీవ్రమైన విషము, పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తరువాత పసుపు, దాని తరువాత నీలము, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందిగదా అని ఉప్పు పోసుకోవడానికి వీలులేదు. సంఘములో స్త్రీల కూటమి వారు ఇంటింటికీ తిరిగి చూస్తే మరికొన్ని ఇండ్లలోనూ అలాంటి డబ్బాలు దొరికాయి. ఒక ఇంట్లో చంటిపిల్ల పాలపొడి కొలిచే మూత కూడా అలాంటిదే.

ఆ తరువాత పిల్లవాడికి మళ్లీ రెండు గప్పీలిచ్చాము. ఈసారి పెంకుముక్క తెచ్చాడు. నైలాన్ గుడ్డ లాగి చూస్తే ఒక్క దారము పట్టలేదు. బాబాయి ఈడ్చడము మానుకున్నాడని నాయనమ్మ చెప్పింది. అయితే వాడికొక బెంగ పట్టుకుంది: పత్తి అమ్ముడుపోతే బోరేలు పోతాయి కదా అని. ఆ మాట మా ఇంటావిడతో చెప్పాడు, నాతో కాదు. ఆమె పాత చీర ఒకటి పట్టుకెళ్లి, నాయనమ్మ మంచము ప్రక్కనున్న మూలకు త్రాడు కట్టి తెరలాగా వేసి వచ్చింది. రెండు ప్రక్కలా తీసుకునే తెర. పత్తి మొన్న సంక్రాంతికి ముందే అమ్మారు. వాడు తెర వెనుక పుస్తకాలు పెట్టుకున్నాడట.

మిగిలిన విషయాలు త్వరగా చెబుతాను. రాళ్లు, పలకలు పేర్చేటప్పుడు ఇసుకమీద పేర్చకండి. చేపలు ఇసుక తవ్వితే రాయి జారి చేపమీద పడుతుంది, లేదా గాజుకు తగులుతుంది. రాతిని తొట్టి అడుగుకు ఆనించి, ఆ తరువాతనే చుట్టూ ఇసుక పోయాలి. గాజుకు వాల్చవద్దు. కట్టడానికి నైలాన్ దారము గాని, రాగితీగ వద్దు. రాగి, సీసము నీళ్లలో చేపకు విషము. చేపల సంఖ్యకంటె చాట్లు ఒకటో రెండో ఎక్కువే ఉండాలి. అవి వెనుకా ప్రక్కలా ఉంటే ముందుభాగము ఈతకు ఖాళీగా ఉంటుంది. రంధ్రము చేప రెక్కలు విప్పుకొని దూరేటంత ఉండాలి. చేప పెరుగుతుంది, పైపు పెరగదు గనుక ఆరునెలలకొకసారి చూసుకోవాలి. కడిగేటప్పుడు సబ్బు ముట్టుకోవద్దు. కొళాయి నీళ్లకు క్లోరిన్ కలుపుతారు గనుక ఒకరోజు వెడల్పు పాత్రలో నిలవ ఉంచి పోయాలి. కాలువలో నాచు తెచ్చేవారు వారము రోజులు వేరే బక్కెట్టులో ఉంచి, జలగలు, పురుగులు లేవని చూసుకొని వేయాలి.

చేపలు ఎక్కువైతే కాలువలో వదలకండి. అద్దాలు శుభ్రము చేస్తుందని కొనే సక్కర్ చేప బాగా పెద్దదైతే తొట్టిలో పట్టదని కొందరు చెరువులో వేస్తారు. ఆ జాతి చేపే ఇప్పుడు కృష్ణలో, చేపల చెరువులలో రాకాసి చేపగా పెరిగి, ముళ్లరెక్కలతో జాలరుల వలలు చించుతోంది. ఎక్కువైన చేపను ఇంకొక ఇంటికి ఇవ్వండి.

మా తొట్టిలో ఈ ఉజ్జీవ కూటముల నాటికి మరొక ఈడు గప్పీ పిల్లలు తయారవుతాయి. కావలసినవారు వెడల్పు మూతిగల సీసా, తమ చేతులతో చేసిన చాటు ఒకటి తెచ్చుకోండి. ముంత, పెంకు, పలక, పైపు ఏదైనా సరే. డబ్బాలు మాత్రం గుమ్మము దాటనివ్వము. నైలాన్ గుడ్డ మా దగ్గరే ఉంది.